వంత ఎవరు పాడాలి?
(సైన్సు కల్పనా చిత్రాలలో రాజకీయ సందేశం)

ధర్మపురి విద్యార్థులతో సినిమాల గురించి మాట్లాడుతున్నప్పుడు ఒక తమిళ మాట తరచుగా వినబడుతుంది: 'కరుత్తు కందసామి'. కరుత్తు అంటే అభిప్రాయం, భావం. అడిగినా అడగకపోయినా ప్రతి విషయం మీదా ఒక అభిప్రాయం వినిపించేవాడు కరుత్తు కందసామి. ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం మాట్లాడే మన పిల్లలు ఈ మాటను తెలుగు వాక్యంలోనూ యథాతథంగా వాడతారు. శంకర్ తీసిన '2.0' చిత్రం ప్రస్తావన వచ్చినప్పుడు, "అందులో విలను మరీ కరుత్తు కందసామి సార్" అన్నాడు ఒక విద్యార్థి. దీనికి తెలుగులో ఏమంటారని అడిగితే తరగతిలో ఎవరికీ తోచలేదు. ఆంధ్ర, తెలంగాణలలోని కుర్రవాళ్లు 'క్లాసు పీకుతున్నాడు' అంటారని చెప్పాను. తమిళం మనిషికి పేరు పెట్టింది, తెలుగు పనికి పేరు పెట్టింది. రెండింటిలో ఉన్న విసుగు మాత్రం ఒక్కటే.

ఆ విసుగులో రెండు వాదాలు కలిసిపోయి ఉన్నాయి. పూర్వం ఇటువంటి చిత్రాలు వినోదం కోసమే ఉండేవి, రాజకీయం ఈ మధ్యనే చొరబడింది అన్నది మొదటిది. ఒకవేళ రాజకీయం ఉండవలసివస్తే అది సూక్ష్మంగా ఉండాలి, పైకి చెప్పరాదు అన్నది రెండవది. భాగాలు భాగాలుగా దశాబ్దాల తరబడి నడిచే సైన్సు కల్పనా చిత్రశ్రేణుల విషయంలో ప్రపంచమంతటా ఈ రెండు మాటలూ వినబడుతున్నాయి. మొదటి వాదం చరిత్ర ముందు నిలవదు. రెండవదానిలో కొంత నిజం ఉన్నది గాని, మనం అనుకునే నిజం కాదు. ఈ వ్యాసం ప్రధానంగా ఆ రెండవ వాదాన్ని గురించే.

1

ముందుగా చరిత్ర. జపానులో హోండా ఇషిరో దర్శకత్వంలో 'గాడ్జిల్లా' మొదటి చిత్రం 1954 నవంబరులో విడుదలయింది. అదే సంవత్సరం మార్చి 1వ తేదీన అమెరికా బికినీ దీవుల వద్ద జలాంతర బాంబు కాదు, హైడ్రొజన్ బాంబునే పరీక్షించింది. ఆ ప్రాంతంలో చేపలు పడుతున్న ఒక జపాను పడవ మీద అణుధూళి కురిసి, అందులోని జాలరులు జబ్బుపడ్డారు. ఒకరు మరణించారు. చిత్రం మొదట్లోనే సముద్రంలో ఒక పడవ వెలుగుకు బలి అవుతుంది. ఆనాటి జపాను ప్రేక్షకుడికి అది ఏ పడవో ఎవరూ చెప్పనక్కరలేదు. అణుపరీక్షలు ఆగకపోతే ఇటువంటి మృగం మరొకటి వస్తుందన్న హెచ్చరికతో ఆ చిత్రం ముగుస్తుంది. అంటే ఆ శ్రేణి పుట్టుకే రాజకీయం.

'స్టార్ ట్రెక్' టెలివిజన్ ధారావాహిక 1966 సెప్టెంబరు 8న అమెరికాలో మొదలయింది. 1969 జనవరిలో ప్రసారమయిన ఒక భాగంలో ఇద్దరు శత్రువులు కనిపిస్తారు. ఇద్దరి ముఖాలూ సగం నలుపు, సగం తెలుపు. ఒకడికి కుడివైపు నలుపయితే రెండవవాడికి ఎడమవైపు నలుపు. అంతే తేడా. ఆ తేడా కోసం వాళ్ల జాతులు పరస్పరం హతమార్చుకొని గ్రహాన్నే నాశనం చేసుకున్నాయి. అది తెలిసిన తరువాత కూడా ఆ ఇద్దరూ తరుముకోవడం మానరు. ఇందులో సూక్ష్మత ఏమున్నది? అమెరికాలో జాతివిద్వేషం పరాకాష్ఠలో ఉన్న కాలంలో, ముఖానికి రంగు పూసి మరీ చెప్పిన పాఠం అది. 'పాతరోజుల్లో ఇలా లేదు' అనేవారు ఇటువంటి భాగాలను మరచిపోయి ఉండాలి, లేదా ఆ పాఠం తమకు ఇప్పుడు అంగీకారమే కనుక అది పాఠంగా కనిపించకపోయి ఉండాలి. ఈ రెండవ కారణం మనకు ముఖ్యం. తిరిగి దానిదగ్గరకు వద్దాం.

పైగా, పైకి చెప్పడమే దోషమయితే దక్షిణాదివారమయిన మనం మన సినిమా చరిత్రలో సగాన్ని వదులుకోవాలి. 1952లో వచ్చిన తమిళ చిత్రం 'పరాశక్తి'లో కరుణానిధి రాసిన న్యాయస్థానం సన్నివేశం, 1977లో వచ్చిన తెలుగు చిత్రం 'దానవీరశూరకర్ణ'లో కొండవీటి వేంకటకవి మాటలతో కులప్రసక్తిని దుర్యోధనుడు ఎండగట్టే సన్నివేశం, రెండూ బాహాటమయిన ఉపన్యాసాలే. వాటిని జనం కంఠస్థం చేశారు. విసుక్కోలేదు. కాబట్టి విసుగుకు కారణం సందేశం వినబడటం కాదు. మరేదో ఉన్నది.

2

ఆ 'మరేదో' తెలుసుకోవడానికి భాషాశాస్త్రం కొంత సాయం చేస్తుంది. 'రాముడు మళ్లీ ఆలస్యంగా వచ్చాడు' అనే వాక్యం చూడండి. ఈ వాక్యం చెప్పే మాట, రాముడు ఇవాళ ఆలస్యంగా వచ్చాడన్నది. కాని చెప్పకుండానే మనచేత ఒప్పించుకునే మాట ఇంకొకటి ఉన్నది: రాముడు ఇంతకుముందు కూడా ఆలస్యంగా వచ్చాడు. ఇప్పుడు ఎవరయినా 'కాదు, రాముడు మళ్లీ ఆలస్యంగా రాలేదు' అని ఖండించినా ఆ రెండవ మాట చెక్కుచెదరదు. 'మళ్లీ' అన్న రెండక్షరాల చాటున అది భద్రంగా ఉంటుంది. చెప్పిన మాటతో వాదించవచ్చు. ఒప్పించుకున్న మాటతో వాదించాలంటే ముందు అది అక్కడ ఉన్నదని కనిపెట్టాలి.

వీటికి తోడు మూడవది ఒకటి ఉన్నది. తొమ్మిదవ శతాబ్దంలో కాశ్మీరదేశపు ఆలంకారికుడు ఆనందవర్ధనుడు దానిని ధ్వని అన్నాడు. చెప్పిన మాట ద్వారా చెప్పని అర్థం సహృదయుడికి స్ఫురించడం. దానినే వ్యంగ్యార్థం అంటాం. ఈనాటి వాడుకలో వ్యంగ్యం అంటే ఎత్తిపొడుపు అయిపోయింది గాని శాస్త్రంలో దాని అర్థం అది కాదు. ఒప్పించుకున్న మాటకూ ధ్వనికీ ఒక తేడా ఉన్నది. ధ్వని శ్రోతను మేలుకొలుపుతుంది, అర్థంలో అతనికి భాగం ఇస్తుంది. ఒప్పించుకున్న మాట శ్రోత ఏమరుపాటుగా ఉన్నప్పుడే పనిచేస్తుంది. రెండూ పైకి వినబడవు కనుక రెండింటినీ 'సూక్ష్మం' అనే ఒకే మాటతో పిలుస్తున్నాం. చిక్కంతా అక్కడ వచ్చింది.

'స్టార్ ట్రెక్'లోనే ఈ రెండూ ఉన్నాయి. నౌకను నడిపే గదిలో ఉహూరా అనే నల్లజాతి స్త్రీ అధికారిగా కూర్చుని ఉంటుంది. పక్కన ఆసియా సంతతివాడు సులు. 1967 నుంచి చెకోవ్ అనే రష్యనుడు కూడా చేరాడు. అమెరికా, రష్యాల మధ్య ప్రచ్ఛన్న యుద్ధం సాగుతున్న రోజులవి. వాళ్లు అక్కడ ఎందుకున్నారో ఆ కథలు దాదాపు ఎప్పుడూ వివరించవు. ఉండటమే సందేశం. ఉహూరా పాత్రధారిణి నిషెల్ నికోల్స్ ఆ ధారావాహికను విడిచిపెడదామనుకున్నప్పుడు మార్టిన్ లూథర్ కింగ్ వద్దని వారించినట్టు ఆమే స్వయంగా చెప్పింది. ఆ కుర్చీకున్న విలువ ఆయనకు తెలుసు.

ఇది ఒక వైపు. అదే ధారావాహికలో 1969 జూన్‌లో ప్రసారమయిన చివరి భాగంలో ఒక స్త్రీ నౌకాధిపతి కావాలని తపించి, కాలేక, కుట్రకు పాల్పడుతుంది. నౌకాధిపతుల లోకంలో స్త్రీలకు చోటులేదన్న సంగతి అందులో మాటవరసకు వస్తుంది. దానిని ఎవరూ ప్రశ్నించరు. కథ ఆ లోకాన్ని తప్పుపట్టదు, ఆమె మనస్తత్వాన్నే తప్పుపడుతుంది. రంగుల ముఖాల పాఠాన్ని బల్లగుద్ది చెప్పిన రచయితలే ఇక్కడ తమకు తెలియకుండా ఒక మాటను మనచేత ఒప్పించుకున్నారు. అది సూక్ష్మంగానే ఉన్నది, కాని అది గుణం కాదు. ఆ శ్రేణిలోనే 1995లో మొదలయిన 'వాయేజర్'లో జేన్‌వే అనే స్త్రీ నౌకాధిపతిగా వచ్చేదాకా పాతిక సంవత్సరాలు ఆ మాట ఆ లోకంలో ఎక్కడో అంటిపెట్టుకునే ఉన్నది. దీర్ఘకాలం నడిచే శ్రేణికి ఉన్న ఒక మేలు ఇది. తాను చెప్పకుండా ఒప్పించుకున్నదానిని తానే బయటకు తీసి దిద్దుకునే అవకాశం దానికి ఉంటుంది.

3

ఇప్పుడు మన విద్యార్థి విసుక్కున్న చిత్రం దగ్గరకు వద్దాం. శంకర్ 'ఎందిరన్' 2010 అక్టోబరులో తెలుగులో 'రోబో'గా వచ్చింది. దాని కొనసాగింపు '2.0' 2018 నవంబరులో వచ్చింది. రెండవదానిలో పక్షిరాజన్ అనే పక్షిశాస్త్రవేత్త సెల్‌ఫోను తరంగాల వల్ల పక్షులు చచ్చిపోతున్నాయని మొరపెట్టుకుని, ఎవరూ వినకపోతే టవరుకే ఉరివేసుకుని, ప్రేతమై సెల్‌ఫోనుల మీద పగతీర్చుకుంటాడు. విడుదలకు ముందే సెల్‌ఫోను సంస్థల సంఘం ఈ చిత్రం అశాస్త్రీయమని సెన్సారు బోర్డుకు ఫిర్యాదు చేసింది. సెల్ తరంగాల వల్లనే పక్షులు అంతరిస్తున్నాయన్నది శాస్త్రం నిర్ధారించిన విషయం కాదన్నది నిజమే. కాని విమర్శకుడి ప్రశ్న అది కాదు. సందేశం ఈ కథలో ఎక్కడ నిలబడిందన్నది.

సందేశమంతా విలను నోట పెట్టారు. అతని పూర్వకథలో దానిని సుదీర్ఘంగా వినిపించారు. తరువాత హీరో అతనిని ఓడించాడు. ఓడించాక, అతను చెప్పింది సరయినదే, పద్ధతే తప్పు అని హీరో మంత్రిగారికి చెప్పాడు. చెప్పేవాడిని చంపి, చెప్పిన మాటను దండవేసి గోడకు తగిలించినట్టయింది. కథలో ఎవరూ ఆ మాట కోసం ఏమీ వదులుకోలేదు. హీరో సంఘర్షణ అంతా సందేశానికి ఎదురుగా నడిచింది, సందేశం మాత్రం ఉపన్యాసంలో మిగిలింది. మన విద్యార్థికి విసుగు కలిగింది ఇక్కడ. సందేశం గట్టిగా చెప్పినందుకు కాదు, కథ ఒక దారిన, మాట మరొక దారిన పోయినందుకు. 'దానవీరశూరకర్ణ'లో అలా జరగలేదు. అక్కడ దుర్యోధనుడు ఆ మాట అన్న మరుక్షణం అంగరాజ్యం ఇవ్వవలసివచ్చింది. ఆ ఇచ్చినదాని మీదనే తరువాతి కథంతా నడిచింది.

మొదటి భాగం 'రోబో'లో సందేశం మరింత పొదుపుగా ఉన్నది. చివర 2030వ సంవత్సరంలో, విడదీసి ప్రదర్శనశాలలో పెట్టిన చిట్టి రోబోను, నిన్నెందుకు ఇలా చేశారని ఒక బడిపిల్ల అడుగుతుంది. ఆలోచించడం మొదలుపెట్టినందుకు అన్న భావం వచ్చే ఒక చిన్న జవాబు వస్తుంది. అది యంత్రానికే కాదు, పౌరుడికి కూడా వర్తించే మాట అని ఎవరూ మనకు వివరించరు. ఇది ధ్వని. రెండుగంటలకు పైగా నడిచిన కథ ఆ చిన్న వాక్యానికి మూల్యం చెల్లించింది.

కాని ఆ చిత్రంలోనే ఇంకొక సన్నివేశం ఉన్నది. అగ్నిప్రమాదంలో స్నానం చేస్తున్న ఒక అమ్మాయిని చిట్టి అలాగే ఎత్తుకుని బయటకు తెస్తుంది. కెమెరాల ముందు ఆ అమ్మాయి సిగ్గుతో కుంగిపోయి, పరుగెత్తి, వాహనం కిందపడి చనిపోతుంది. ఈ సన్నివేశం చెప్పే మాట, యంత్రానికి మనసు లేదన్నది. దీని మీద చిత్రంలో చర్చ జరుగుతుంది. ఒప్పించుకున్న మాట వేరు: అటువంటి స్థితిలో ఆడపిల్లకు చావే సహజం. దీని మీద చర్చ జరగదు. కెమెరాలవాళ్ల తప్పు ఏమిటని గాని, ఆ పిల్ల ఎందుకు బతకరాదని గాని కథ అడగదు, తప్పు యంత్రానిది అనుకుని ముందుకు పోతుంది. '2.0'లోని ఉపన్యాసం కంటె ఇది ఎంతో సూక్ష్మమయిన రాజకీయం. ఎన్నో రెట్లు హానికరమయినది కూడా. తరగతిలో దీనిని ఎవరూ రాజకీయమని అనలేదు. ఉపన్యాసాన్ని మాత్రమే అన్నారు.

4

సందేశానికి కథలో ఒక చోటు ఉండాలి అన్న సంగతి మన జానపద కళలు ఎప్పుడో గ్రహించాయి. ధర్మపురి పరిసరాల్లో ద్రౌపదమ్మ గుడి ఉత్సవాలలో భారతం కూత్తు చూసినవారికి కట్టియక్కారన్ తెలుసు. అర్జునుడు, దుర్యోధనుడు భారతకాలంలో ఉంటారు. కట్టియక్కారన్ మాత్రం ఆ కాలంలోనూ మన కాలంలోనూ కాలు పెడతాడు. రాజుగారి ప్రవేశం చాటుతూనే ఊరిలో నీళ్లు రాని సంగతీ, పెద్దమనుషుల వేషాలూ ఎత్తుకుంటాడు. ద్రౌపది మాత్రం తన దుఃఖాన్ని విడిచి వర్తమానానికి రాదు.

తెలుగులో ఈ ఏర్పాటు బుర్రకథలో మరింత స్పష్టం. మధ్యలో కథకుడు, ఇరుపక్కలా ఇద్దరు వంతలు. ఒకరిది హాస్యం, రెండవవారిది రాజకీయం. పేరే అది. కథకు సందు దొరికినచోట వర్తమాన విషయాలను వ్యాఖ్యానించడం రాజకీయ వంత పని. 1940లలో ప్రజానాట్యమండలి ఈ కళను చేపట్టినప్పుడు, షేక్ నాజర్ వంటి మహాకళాకారులు దీనిని ఊరూరా వినిపించినప్పుడు, రాజకీయం దాక్కోలేదు. నిలబడి, పేరు పెట్టుకుని మాట్లాడింది. అయినా కథకుడు కథకుడిగానే ఉన్నాడు. రాజకీయ వంత లేకపోతే కథ గాలిలో తేలిపోతుంది. కథకుడే వంత అయిపోతే కథ మిగలదు. ముగ్గురి మధ్య ఉన్న ఆ దూరమే బుర్రకథ శిల్పం.

ఈ దృష్టితో చూస్తే 'సూక్ష్మంగా చెప్పాలా, బాహాటంగా చెప్పాలా' అన్న ప్రశ్నే సరయినది కాదని తేలుతుంది. వంత ఎవరు పాడుతున్నారు, కథ ఆ వంతకు ఎంత దూరంలో ఉన్నది అని అడగాలి. 'స్టార్ ట్రెక్'లో కిర్క్ చివర చేసే ప్రసంగం వంత. ఉహూరా కుర్చీ కథ. రెండూ తమతమ చోట్ల ఉన్నాయి కనుకనే ఆ ధారావాహిక నిలిచింది. '2.0'లో పాత్రలన్నీ వంతకు దిగాయి.

ఇంకొక సంగతి కూడా ఇక్కడే చెప్పుకోవాలి. వంత గొంతు విడిగా ఉంటుంది కనుక దానిని మార్చడమూ తేలికే. 'గాడ్జిల్లా' 1956లో అమెరికాకు చేరినప్పుడు రేమండ్ బర్ అనే నటుడితో కొత్త దృశ్యాలు తీసి అతికించి, అణుపరీక్షల మీది విమర్శను చాలావరకు పలుచన చేశారు. మృగం అదే, గొంతు మారింది. 'ప్లానెట్ ఆఫ్ ది ఏప్స్' శ్రేణిలో 1972లో వచ్చిన నాలుగవ చిత్రం, బానిసలయిన కోతుల తిరుగుబాటు కథ. అమెరికాలోని నల్లజాతివారి తిరుగుబాట్ల నీడ దాని మీద ఉన్నది. ప్రతీకారంతో ముగిసిన ఆ చిత్రాన్ని కొందరికి ముందుగా చూపించి, వాళ్లు కలవరపడితే, నాయకుడు దయ చూపినట్టు కొత్త మాటలు రికార్డు చేసి అతికించి విడుదల చేశారు. డబ్బింగు సినిమాలతో పెరిగిన మనకు ఇది వింత కాకూడదు. బొమ్మ ఒకరిది, మాట మరొకరిది అయినప్పుడు సందేశం ఎటు జరిగిందో చూడటం రెండు భాషలు తెలిసినవారికే సాధ్యం.

5

తెలుగువారి సొంత సైన్సు కల్పనలో ఈ ప్రశ్న ఎలా ఉన్నదో చూద్దాం. సింగీతం శ్రీనివాసరావు 'ఆదిత్య 369' 1991లో వచ్చింది. తమిళంలో 'అపూర్వ శక్తి 369'గా అనువదించారు. కాలయంత్రం ఒకసారి 1526లో విజయనగరానికీ, మరొకసారి 2504కూ తీసుకుపోతుంది. మొదటిచోట రాయలవారి వైభవం, రెండవచోట అణుయుద్ధం తరువాత భూమి కింద బతుకుతున్న మనుషులు. రెండింటికీ నడుమ, మన కాలంలో, పురాతన వస్తువులను దొంగిలించి దాచుకునే ఒక ధనికుడు. వైభవం నుంచి వినాశానికి దారితీసింది మన కాలమే అని ఎవరూ ఉపన్యసించరు. మూడు కాలాలను ఒక వరుసలో పెట్టడంలోనే అది ధ్వనిస్తుంది. అయితే రాయల కాలమంటే స్వర్ణయుగమే అన్న మాటను కూడా చిత్రం మనచేత ఒప్పించుకుంటుంది. అది మనకు ఇష్టమయిన మాట గనుక గుర్తించం. ఇందాక తిరిగి వద్దామన్న విషయం ఇదే. మనకు ఇష్టంలేని రాజకీయం రాజకీయంగా కనిపిస్తుంది, ఇష్టమయినది కథగా కనిపిస్తుంది.

ఆ సింగీతంవారే సలహాదారుగా ఉన్న చిత్రం నాగ్ అశ్విన్ 'కల్కి 2898 ఏడీ'. 2024 జూన్ 27న విడుదలయింది. అది ఒక చిత్రశ్రేణికి మొదటి భాగం. తెలుగులో శ్రేణిగా ఎదగాలన్న సంకల్పంతో వచ్చిన సైన్సు కల్పన కనుక దాని తొలి అడుగులను జాగ్రత్తగా చూడాలి. పేరు దగ్గరే రెండు భాషలు వేరవుతాయి. తెలుగు చెవికి కల్కి అంటే పదవ అవతారం. తమిళ చెవికి దానితోపాటు, చాలాసార్లు దానికంటె ముందు, రచయిత కృష్ణమూర్తి కలంపేరూ, ఆయన 1941లో స్థాపించిన పత్రికా గుర్తుకు వస్తాయి.

చిత్రంలో భూమి మీద మిగిలిన నగరం కాశి. దాని నెత్తిన తలకిందుల పిరమిడ్‌లా కాంప్లెక్స్ వేలాడుతుంది. కింద కరువు, పైన నీళ్లూ పచ్చదనమూ. పైకి పోవాలంటే పది లక్షల యూనిట్లు కావాలి. ఈ బొమ్మకు వ్యాఖ్యానం అక్కరలేదు. ధర్మపురి వారికి మరీ అక్కరలేదు. భూగర్భజలంలో ఫ్లోరైడు వల్ల పళ్లూ ఎముకలూ పాడయిన ఊళ్లు మన జిల్లాలో ఉన్నాయి. కావేరి నీటిని ధర్మపురి, కృష్ణగిరి జిల్లాలకు తెచ్చే హొగెనక్కల్ తాగునీటి పథకం 2013లో గాని ప్రారంభం కాలేదు. నల్లగొండవారి అనుభవమూ ఇటువంటిదే. మంచినీళ్లు ఎవరి దగ్గర ఉంటే వారిది పైచేయి అన్న మాట ఈ ప్రేక్షకులకు ధ్వనిగా అందుతుంది. కుళాయి తిప్పితే నీళ్లు వచ్చే ఊరివారికి అదే బొమ్మ గొప్ప సెట్టింగుగా మాత్రమే కనిపించవచ్చు. ధ్వని తెర మీద సగమే ఉంటుంది, మిగిలిన సగం చూసేవాడి ఊరిలో ఉంటుంది.

ఇంకొక ధ్వని పేరులో ఉన్నది. ప్రయోగశాలలో బందీ అయిన స్త్రీకి పేరు లేదు, సంఖ్య ఉన్నది: సమ్-80. ఆ సంఖ్యను ఇంగ్లీషులో చదివితే వచ్చే చప్పుడు నుంచే 'సుమతి' అనే పేరు పుట్టింది. సంఖ్య మనిషిగా మారడం ఒక్క ఉచ్చారణలో జరిగిపోయింది. తెలుగులో ఎనభై అని చదివితే ఇది పుట్టదు. అధికారుల భాషలో పెట్టిన గుర్తు జనం నోట పడి పేరయింది. భాష చదివేవారు ఆనందించదగిన చోటు ఇది.

కథానిర్మాణంలో మరొక మంచి పని ఉన్నది. భారతంలో ఉత్తర గర్భంలోని శిశువును చంపబోయినవాడు అశ్వత్థామ. ఈ చిత్రంలో వేల ఏళ్ల తరువాత ఒక గర్భాన్ని కాపాడటమే అతని ప్రాయశ్చిత్తం. చేసిన పాపానికి మాటలతో కాక కాపలాతో బదులు చెల్లించడం, ఇది కథే చేసిన పని.

అయితే ఈ చిత్రం మనచేత ఏమి ఒప్పించుకుంటున్నది? కాంప్లెక్స్‌కు సుమతి గర్భం ప్రయోగశాల. దానిని ఎదిరించే శంబలవారికి అదే గర్భం పూజాపీఠం. ఒకరు పీల్చుకోవాలనుకుంటారు, మరొకరు మొక్కుతారు. ఇద్దరూ చూసేది గర్భాన్నే. బిడ్డను మోయడం గురించి ఆమె ఏమనుకుంటున్నదో అడిగే తీరిక రెండు పక్షాలలోనూ ఎవరికీ పెద్దగా లేదు. అలాగే, నీళ్లు అందరివీ అన్నది చిత్రం పైకి చెప్పే మాట. పుట్టబోయేవాడు వచ్చేదాకా, కిరాయికి మనుషులను పట్టి ఇచ్చే భైరవ పూర్వజన్మలో కర్ణుడని తేలేదాకా, జనం ఎదురుచూడవలసిందే అన్నది ఒప్పించుకునే మాట. సమానత్వం నినాదంలో ఉన్నది, అర్హత మాత్రం పుట్టుకలో ఉన్నది. కర్ణుడిని ఎంచుకున్న చిత్రంలో ఈ వైరుధ్యం రావడం మరీ విచిత్రం. పుట్టుకను బట్టి మనిషిని కొలవవద్దన్నందుకే కదా మన సినిమా కర్ణుడిని నెత్తిన పెట్టుకున్నది.

ఇది చిత్రాన్ని తోసిపుచ్చడానికి చెబుతున్న మాట కాదు. శ్రేణి ఇంకా మొదటి భాగంలోనే ఉన్నది. ప్రధానపాత్రగా నౌకాధిపతి కుర్చీని స్త్రీకి ఇవ్వడానికి 'స్టార్ ట్రెక్'కు పాతికేళ్లు పట్టింది. సుమతి నోరు తెరిచి తన మాట తాను చెప్పే భాగం వస్తే ఈ శ్రేణి తన వైరుధ్యాన్ని తానే దిద్దుకున్నట్టవుతుంది. కాని కాలం ఎప్పుడూ దిద్దుబాటే చేస్తుందన్న నమ్మకం లేదు. అణుభయం నుంచి పుట్టిన గాడ్జిల్లా రెండు దశాబ్దాలలో పిల్లల నేస్తమయింది. మొదటి భయాన్ని మళ్లీ పైకి తీయడానికి తరువాతివారు శ్రమపడవలసివచ్చింది. 2016లో వచ్చిన చిత్రం విపత్తు వేళ కదలని ప్రభుత్వ యంత్రాంగాన్ని చూపింది. 2023లో వచ్చినది యుద్ధానంతర జపానుకు తిరిగివెళ్లి, చావమని పంపిన రాజ్యాన్ని నిలదీసింది. 'ప్లానెట్ ఆఫ్ ది ఏప్స్' శ్రేణిలో 2024లో వచ్చిన చిత్రమయితే ఈ సంగతినే కథావస్తువు చేసుకున్నది. సీజరు అనే తొలి నాయకుడు కోతుల ఐకమత్యం కోసం చెప్పిన మాటను, తరతరాల తరువాత ఒక నియంత తోటి కోతులను బానిసలుగా చేసుకోవడానికి వాడుకుంటాడు. మాట అక్షరం మారలేదు, చోటు మారింది. దీర్ఘకాలం నడిచే ఏ కథకయినా, ఏ రాజకీయ పక్షానికయినా ఉన్న ప్రమాదం ఇది.

కాబట్టి ఇకమీద ఏదయినా చిత్రంలో కరుత్తు కందసామి కనిపించినప్పుడు విసుక్కోండి, తప్పులేదు. కాని విసుక్కున్న తరువాత అక్కడితో ఆగకండి. అతను మాట్లాడుతున్నాడు కనుక అతనితో వాదించవచ్చు. అదే చిత్రంలో మాట్లాడకుండా కూర్చున్నవారెవరు, ఎవరి చావు సహజమనిపించింది, ఎవరి పుట్టుక చాలుననిపించింది అని వెతకండి. వీలయితే 'రోబో'లోని ఆ అగ్నిప్రమాదం సన్నివేశాన్ని తమిళంలో ఒకసారి, తెలుగులో ఒకసారి చూసి, రెండింటిలో ఎవరెవరు ఏమేమన్నారో రాసి తీసుకురండి. ఆ పిల్ల గురించి ఒక్కరయినా ఒక్క ప్రశ్న వేశారేమో వచ్చే తరగతిలో కలిసి చూద్దాం.